పద్దుకెక్కని పూచీ

ఒకరి అప్పుకు జామీను ఉన్నవాడి అవస్థ మనకు తెలియనిది కాదు. అతని చేతినుంచి కానీ కదలదు. నోటు మీద సంతకం మాత్రం పడుతుంది. అప్పు చేసినవాడు ఊరు విడిచిన నాడు అప్పిచ్చినవాడు వచ్చి తట్టేది అతని తలుపే!

బ్యాంకులూ ఇదే పని చేస్తాయి, కాకపోతే కమీషను పుచ్చుకుని. డబ్బు ఇంకా చెల్లించలేదు కనుక ఈ పూచీలు ఆస్తి అప్పుల పట్టీ మొత్తంలో కలవవు. దాని అడుగున, 12వ షెడ్యూలులో కనిపిస్తాయి. వాటాదారులలో అంతదూరం చదివే ఓపిక ఎందరికుందో!

ఆ షెడ్యూలులోకైనా ఎక్కకపోతే? 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంకులో బయటపడింది అదే. బొంబాయి బ్రాడీ హౌస్ శాఖనుంచి వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీ కంపెనీల తరపున పూచీ సందేశాలు 'స్విఫ్ట్' ద్వారా వెళ్లేవి. వాటిని నమ్మి ఇతర భారతీయ బ్యాంకుల విదేశీ శాఖలు అప్పులిచ్చాయి. ఆ స్విఫ్టుకూ, బ్యాంకు లెక్కల యంత్రానికీ లంకె లేదు. సందేశం వెళ్లింది, పద్దు పడలేదు.

బ్యాంకు ఫిర్యాదు ప్రకారం, ఆ జనవరిలో కంపెనీలవారు మళ్లీ పూచీ అడిగారు. పూర్తి సొమ్ము ముందు కట్టమన్నారు అధికారులు. "ఇదివరకు కట్టకుండానే ఇచ్చారే!" అన్నారు వాళ్లు. పుస్తకాలు తిరగేస్తే ఆ ఊసే లేదు.

ఫిబ్రవరిలో ప్రకటించిన మొత్తం సుమారు 11,400 కోట్ల రూపాయలు. తవ్వినకొద్దీ, మేహుల్ చోక్సీ కంపెనీలవీ కలిపి, అది 13,000 కోట్లు దాటింది. మార్చి 13న రిజర్వు బ్యాంకు ఇలాంటి పూచీ ఉత్తరాలనే ఆపివేసింది. ఆ మూడు నెలలకు పంజాబ్ నేషనల్ బ్యాంకు చూపిన నష్టం 13,417 కోట్లు.