ఉన్ని విల్లో: దాని గుఱుతులు, దాని నిజస్థానము

ఏటియొడ్డులను పెరుగు ఏటిపాల చెట్టును మన రైతులలో పలువురు చూచియే యుందురు. సామర్లకోటలో తోట పెంచిన వైద్యుడు విలియం రాక్సుబర్గు దీనిని వర్ణించి, 1798లో కోరమండల తీరపు మొక్కలను గూర్చిన తన గ్రంథమున పటముతో ప్రకటించెను. నాలుగు గింజల విల్లో యని అర్థమిచ్చు శాస్త్రనామమును పెట్టినవాడును అతడే. విల్లో జాతి ముఖ్యముగా శీతదేశముల సొత్తు. మన ఏటిపాలకు దాయాదియైన యొక ఉత్తరదేశపు పొదను గూర్చి ఇప్పుడు వ్రాయుచున్నాము. నాటుడని చెప్పుటకు గాదు. అది మన యెండలకు తాళదు. అయినను మేకలును గొఱ్ఱెలును గల ప్రతి గ్రామమునకు దాని కథతో పని యున్నదని మాకు తోచినది.

దాని పేరు సాలిక్స్ లనాటా, అనగా ఉన్నిగల విల్లో. ఐస్‌లాండు, స్కాండినేవియా, ఉత్తర రష్యా, స్కాట్లండు కొండలు దీని దేశములు. ఇది మ్రానుగా నెదుగదు; తఱచుగ మనిషి నడుమెత్తు గుబురు పొద, బలిసిన కొమ్మలు. ఆకు వెడల్పై, కోడిగ్రుడ్డు ఆకారమున, రెండు మూడంగుళముల పొడవుండును. లేతయాకునకు రెండు ప్రక్కలను తెల్లని నూగు దట్టముగ నుండును. తడవి చూచినచో గొఱ్ఱెపిల్ల వీపువలె మెత్తగ తగులును. ఆకు ముదిరిన కొలది పైప్రక్క నూగు కొంత రాలిపోవును. కావున వేసవి చివర ఒక్క యాకును చూచి నిర్ణయించువాడు మోసపోవును.

నూగుగల విల్లోలు మఱికొన్ని కలవు. లాప్లాండు విల్లో యనునది చూపునకు దీనివలెనే యుండును. అట్టిచో ఆకుకాడ మొదట చూడవలెను. ఉన్ని విల్లోకు అచ్చట చెవులవంటి పెద్ద చిట్టియాకులు జంటగ నుండును. లాప్లాండు విల్లోకు అవి మిక్కిలి చిన్నవి, లేదా ఉండనే యుండవు, ఆకును సన్నన. కాయను చూచిన సందేహమే యుండదు. ఆకంతయు నూగైనను ఉన్ని విల్లో కాయ నున్నగ నుండును. రెండవదాని కాయకు నూగుండును.

వసంతమున ఆకులు విచ్చుటకు ముందుగాని, వానితోగాని కంకులు నిక్కి నిలుచును. పసిడివన్నె వెండ్రుకలతో అవి గొంగళిపురుగులు నిలువున లేచినట్లు కనుపించును. పోతుతాడు, పెంటితాడు వలెనే దీనిలో మగపొద వేఱు, ఆడుపొద వేఱు. ఈ మాట మఱువరాదు.

ఇక నివాసము. స్కాట్లండులో దీనిని చూడగోరువాడు 2,000 అడుగులకు పైబడిన కొండల కెక్కి, సున్నపుపాలు గల తడిరాతి చఱియల అంచులను వెదకవలెను. ఆ యంచులను చూచి, ఇది బండలను కోరు మొక్క యని తలచుట సులభము. కాని ఐస్‌లాండులో ఇదే పొద ఏటి గులకనేలలను, ఇసుకలను, సమతలపు బీళ్లను పెరుగుచున్నది. మఱి స్కాట్లండున బండ లెందుకు ఎక్కినది? ఎక్కలేదు, అచ్చట మాత్రమే మిగిలినది. క్రిందినున్న వానిని గొఱ్ఱెలును జింకలును తరతరములుగ కొఱికి తినివేసినవి. మేము గ్రామములు తిరుగునప్పుడు బంజరున ముండ్లకంప నడుమ మాత్రమే పచ్చని మొలక నిలిచియుండుట ఎన్నిసార్లో చూచితిమి. ఆ మొలకకు ముండ్లపై ప్రీతి యని మన మనుకొందుమా?

ఐస్‌లాండునకును నష్టము తప్పలేదు. తొమ్మిదవ శతాబ్దమున జనులు గొఱ్ఱెలతో వచ్చి కాపురముండిన పిమ్మట మేతకు, వంటచెఱకునకు పొదలడవులు తఱిగి, కప్పులేని మన్ను గాలికి ఎగిరిపోయెను. 1907లో అచ్చటివారు చట్టము చేసి నేలను కాపాడు పని నారంభించిరి. పిమ్మట హెక్లా అగ్నిపర్వతము చుట్టు బర్చి చెట్లతోపాటు విల్లోలను నాటిరి.

విల్లో గింజ దూదితో గాలికి పోవును గాని కొలదివారములే బ్రదుకును. ఆలోపల తడిగల వట్టిమన్ను దొరకవలెను. స్కాట్లండు చఱియలపై కొన్నిచోట్ల నాలుగైదు పొదలే మిగిలినవి. అవన్నియు మగవైనచో, లేక అన్నియు ఆడువైనచో, ఎన్నేండ్లు పూచినను గింజ లేదు. అందుచే బెన్ లాయర్సు కొండమీద మొక్కలను పెంచి నాటిన వారు మొదట గొఱ్ఱెలును జింకలును చొరకుండ కంచె వేసిరి.