కజ్జికాయ యాకృతి: పేరు, మడత, అంచు

షోలాపురమున స్థిరపడిన తెలుగు నేతగాండ్ర యిండ్లలో దీపావళికి నూనెలో వేగు అర్ధచంద్రాకారపు పిండివంటను ఇరుగుపొరుగు మరాఠీవారు కరంజీ యందురు. బళ్ళారి, కోలారు సీమలలో దానికి కర్జికాయి యని పేరు. తమిళులకు అది సోమాసి. కర్చికాయ్ అను మాటయు తమిళనాట వినబడును. యానాములోను, గోదావరీ తీరమందును అది కజ్జికాయ. రాయలసీమలో కర్జికాయ, తెలంగాణమున గరిజె. ఉత్తరాదివారి గుజియా, గుజరాతువారి ఘుఘ్రా, గోవా కొంకణుల నేవ్రీ కూడ ఈ కుటుంబములోనివే. పేరు ఊరూర మారినను రూపము మాత్రము మారలేదు: గుండ్రని పిండిబిళ్ళ, లోపల తీపిపొడి, నడుమ మడత, వంపు అంచున మెలిక.

తరతరములుగా పరభాషా ప్రాంతములలో నివసించు తెలుగువారికి ఈ విషయము కేవలము తిండిముచ్చట కాదు. ఇంట కజ్జికాయ, వీధిలో కరంజీ యని రెండు పేర్లతో పెరిగిన పిల్లలకు ఒకనాడు సందేహము కలుగును: ఇది మనవారు వెంట తెచ్చుకొన్నదా, ఇచ్చటివారిని చూచి నేర్చినదా? పెద్దలు ముందటి మాటనే తేల్చి చెప్పుదురు. పొరుగింటి పెద్దలును తమ పిల్లలకు అంతే దృఢముగా తమదేయని చెప్పుదురు. ఇరువురి మాటలోను కొంత నిజము కలదు. అది యెంతయో తెలియవలెనన్నచో ముందుగా ఆకృతిని, తరువాత పేరును, కడపట వంటయింటి పనిని చూడవలసి యున్నది.

ఆకృతిని గూర్చి లోకమున ప్రచారములో నున్న సమాధానము చంద్రుడు. అర్ధచంద్రుని వలె నున్నది గనుక చంద్రునికై కల్పించినదని చెప్పుదురు. వినుటకు ఇంపుగ నున్నను పంచాంగము దీనికి సాక్ష్యము పలుకదు. కజ్జికాయ ప్రధానముగా దీపావళి వంట. దీపావళి అమావాస్య, నాడు ఆకసమున చంద్రుడే కానరాడు. దసరా దశమినాటి చంద్రుడు సగమును మించి నిండి యుండును. ఉత్తరదేశమున గుజియా వండు హోలీ పున్నమి నాటిది. కర్ణాటక మహారాష్ట్రములలో వినాయక చవితికి ఈ వంట చేయుట కలదు. ఆ రేయి నెలవంక యుండును గాని దానిని చూడరాదనియే నియమము! ఉత్తరాది మిఠాయిలలో చంద్రకళ యనునది గుండ్రనిది, సగము ఆకారపుది గుజియా. తంజావూరులోనో, గుండ్రనిది సూర్యకళ, అర్ధాకృతి గలది చంద్రకళ. ఒకే పేరు రెండు తావుల రెండు రూపములకు చెల్లుటను బట్టి చూడగా, రూపము ముందు పుట్టినదనియు, చంద్రుని పేరు తరువాత అలంకారముగా వచ్చి చేరినదనియు తలంచుట యుక్తము.

ఇట్టి కథలు అన్ని దేశములలోను కలవు. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాము వాసులకు వారి క్రువాసాఁ అను నెలవంక రొట్టె పేరు పరిచితమే కావచ్చును. 1683లో తురుష్కులు వియన్నా నగరమును ముట్టడించి విఫలులైనపుడు, వారి పతాకమునందలి నెలవంకను వెక్కిరించుటకు రొట్టెలవారు దానిని కల్పించిరని కథ. ఆ రొట్టెకు మూలమైన కిప్‌ఫెల్ అంతకు ఎంతో పూర్వమే ఆస్ట్రియాలో నుండెను. కథ మాత్రము నేటికిని చెప్పుకొనబడుచునే యున్నది.

పేరులను చూచినచో వేరొక దారి కనబడును. తెలుగున కజ్జికాయ, కన్నడమున కర్జికాయి: రెండింటి చివరను ఉన్నది కాయ. చేసినవారు దీనిని చంద్రునిగా గాక చెట్టున కాచు కాయగా భావించిరన్నమాట. ఏ కాయ? మరాఠీ పేరు జవాబు సూచించుచున్నది. సంస్కృతమున కరంజమనగా కానుగ. బాటల ప్రక్కన నీడకై పెంచు కానుగ చెట్టు క్రింద రాలిన యెండుకాయ నొకదానిని అరచేత పెట్టుకొని చూచినచో సందేహము తీరును. చదునైన పొట్ట, ఒక ప్రక్క తక్కువ వంపు, రెండవ ప్రక్క ఎక్కువ వంపు, కొనయందు చిన్న ముక్కు, లోపల సాధారణముగా ఒకే గింజ. కరంజీకి ఇంతకంటె దగ్గరి పోలిక ప్రకృతిలో లభించుట కష్టము. తినుటకు పనికిరాని చేదుకాయ పేరును తీపివంటకు పెట్టుట విడ్డూరముగా తోచవచ్చును. కాని పోలిక రుచికి గాక రూపమునకు గదా!

అయితే తెలుగున మరియొక వ్యుత్పత్తి కలదు. సంస్కృత ఖాద్యము ప్రాకృతమున ఖజ్జమగును. దానినుండి తెలుగున కజ్జము, అనగా భక్ష్యము, పిండివంట. కజ్జమే కాయ రూపమున నున్నది కజ్జికాయ. ఆ ఖజ్జమునుండియే ఖాజా యను మాటయు పుట్టినది. పూరీ జగన్నాథుని ప్రసాదములలోని ఖాజా, యానామునకు చేరువనున్న కాకినాడ కాజా, తాపేశ్వరపు మడతకాజా ఆ వంశములోనివే. బరంపురపు తెలుగువారికి ఒకవంక ఖాజా, వేరొకవంక కజ్జికాయ రెండును పండుగ మాటలే; అవి ఒకే తల్లి బిడ్డలనిన వారికి సంతోషము కలుగును.

ఇచ్చట చిక్కు ఒకటి కలదు. ఖాద్యమునుండి వచ్చిన మాటలో రేఫకు తావు లేదు. కర్జికాయలో, కర్చికాయ్‌లో, గరిజెలో రేఫ యున్నది. పటము ముందు పెట్టుకొని చూచినచో, కరంజీ యనెడు మహారాష్ట్రమునకు ఆనుకొనియున్న తెలంగాణము, కర్ణాటకము, దాని సరిహద్దున నున్న రాయలసీమ — వీనియందెల్ల రేఫ నిలిచినది. తూర్పున సముద్రతీరమునకు వచ్చుసరికి అది అణగి జకారము ద్విత్వమైనది. రేఫ ప్రక్క హల్లులో కలిసి ద్విత్వమగుట తెలుగునకు, ప్రాకృతమునకు సహజమే. లేని రేఫ క్రొత్తగా పుట్టుట అంత సహజము కాదు. కావున పడమటి రూపములు కరంజమునకు దగ్గరివనియు, కోస్తాలో ఆ పేరు అప్పటికే వాడుకలోనున్న కజ్జమును తాకి కజ్జికాయగా స్థిరపడినదనియు భావించుటయే మేలు. తెలంగాణపు గరిజె తన కాయను పోగొట్టుకొన్నను రేఫను దాచుకొన్నది. మాండలికమని తక్కువగా చూచు రూపమే పాత సాక్ష్యమును భద్రపరచుట భాషాచరిత్రలో తరచు జరుగు పని.

సోమాసి మాట వేరు. సోముడనగా చంద్రుడు గనుక చంద్రుని వంటయని కొందరు అర్థము చెప్పుదురు. ఆ మాట సమోసాకు చుట్టమని తలంచుట అంతకంటె సులభము. సమోసా పారసీకపు సంబోసగ్ నుండి వచ్చినది. 1226లో బాగ్దాదున అరబ్బీలో వెలసిన పాకశాస్త్రము ఒకటి, మాంసము నింపి త్రికోణముగా మడచి నువ్వులనూనెలో వేయించు విధమును వర్ణించినది. 14వ శతాబ్దిలో ఢిల్లీకి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, మాంసము, బాదము, పిస్తా కూరి నేతిలో వేయించిన ఈ వంటను ఎరుగును. 16వ శతాబ్దిలో అబుల్ ఫజల్ తన అయినీ అక్బరీలో దానిని హిందూదేశపువారు సంబూసా యందురని వ్రాసెను. ఆ వంట హైదరాబాదు చేరి చతురస్రపు లుఖ్మీ యైనది. త్రికోణము, చతురస్రము ఆ వంశపు గుర్తులు. తమిళనాట పేరు అచ్చటినుండి వచ్చియుండవచ్చును గాని రూపము మాత్రము కరంజీదే.

కూరి వేయించిన తీపివంటలకు సమోసా రాకయే మూలమని చెప్పుటయు సరికాదు. 16వ శతాబ్ది వైద్యగ్రంథమైన భావప్రకాశమున కర్పూరనాళిక యను భక్ష్యము కలదు: నేయి కలిపిన గోధుమపిండితో నిడుపాటి సంచివలె చేసి, చక్కెర, లవంగము, పచ్చకర్పూరము నింపి, నోరు మూసి నేతిలో వేయించునది. మాంసపు త్రికోణమునకును దీనికిని పోలిక తక్కువ. కన్నడ దేశమున కడుబు అను ఆవిరివంటను పూర్ణము పెట్టి సగమునకు మడచుట పరిపాటి. ఆ పేరు తెలుగు కుడుమును తలపించును. దానినే నూనెలో వేయించినచో కరిగడుబు. ఆవిరిపై ఉడుకు మడతవంటను నూనెలోనికి దింపినవారికి క్రొత్త ఆకారము వెదుకవలసిన పని లేదు. చీనాదేశపు పడమటి యెడారిలో, తుర్ఫాను చెంతనున్న అస్తానా సమాధులలో తాంగ్ వంశపు కాలమునాటి నెలవంక కుడుములు ఎండి చెడకుండ దొరకినవి. అచ్చటినుండి ఇచ్చటికి వచ్చినదని దీని యర్థము కాదు. గుండ్రని బిళ్ళను చేత పట్టుకొన్న మనుష్యుడు ఎచ్చటనైనను మొదట చేయు పని సగమునకు మడచుటయే.

ఆ మడతలోని వివేకమును వంట చేయువారు ఎరుగుదురు. ఉండను కర్రతో ఒత్తినచో సహజముగా వచ్చునది వృత్తము. చతురస్రము కావలెనన్నచో అంచులు కోసి పారవేయవలెను. 4 అంగుళముల అడ్డుకొలత గల బిళ్ళను మడచినచో సుమారు 6 అంగుళముల వంపు అంచును మాత్రమే అతుకవలసి యుండును. రెండవ ప్రక్క మడత, అచ్చట అతుకే లేదు. అంతటివే రెండు బిళ్ళలు ఒకదానిపై నొకటి పెట్టి మూసినచో, చుట్టును పన్నెండున్నర అంగుళములు అతుకవలెను. ఒక్కచోట విడినను ఆ కాయ పోయినట్లే. నాలుగు మూలల నుండి మడచిన వంటలో పిండి పొరలు ఒకచోట దట్టమై, పైభాగము ఎఱ్ఱనైనను లోపల పచ్చిగా నిలుచును. అర్ధచంద్రమున పొట్ట మడతవైపు లావై అంచువైపు సన్నగిలును. రెండు ముఖములును చదునుగా నుండుటచే జల్లిగరిటెతో తిప్పుటయు సులభము.

అంచు విడుట యనునది చిన్న తప్పు కాదు. వేడి తగులగనే పిండిలోని తడి ఆవిరియై వ్యాపించి బయటికి త్రోవ వెదకును. అతుకు బలహీనమైనచో అచ్చట చీలి, నువ్వులు, కొబ్బరి, బెల్లము నూనెలోనికి రాలును. రాలిన పొడి మాడి, నూనె నల్లబడి, తరువాతి వాయి కూడ చేదగును. పండుగనాడు మూకుడెడు నూనె చెడుట ఏ యింటనైనను నష్టమే. బెల్లము కరగు స్వభావము గలది గనుక ఆ కాయలకు అంచు మరింత గట్టిగ నుండవలెను. పుట్నాలపొడి, చక్కెర పెట్టినవి అంత యిబ్బంది పెట్టవు. పొడిగా నుండుటచే పెక్కు దినములు నిలువ యుండును గూడ. సారెలో కజ్జికాయలు దూరప్రయాణమునకు ఓర్చుటకు ఇదియే కారణము.

కావున అంచు మెలిక సింగారము కొరకు పుట్టినది కాదు. తడిచేతితో ఒత్తిన అంచును బొటనవ్రేలితో చిన్న చిన్న మడతలుగా ఒకదానిపై నొకటి పొర్లించి జడ అల్లినట్లు త్రిప్పినచో, అతుకు రెండింతలు దళసరియై ఆవిరికి లొంగదు. మరాఠీవారు ఈ మెలికను మురడ్ అందురు. గౌరీదేవిని సాగనంపునపుడు మెలిక పెట్టిన కానోలెలు నివేదించుట వారి ఆచారము. మురడ్ అను మాటలో తిరుగుట యను అర్థము గూడ నుండుటచే, వెళ్ళినవారు మరల తిరిగివత్తురని వారి భావన. కానోలె యను పేరు చెవిని తలపించును. ఒకే ఆకృతి ఒకరికి కానుగకాయ, వేరొకరికి చెవి, ఇంకొకరికి చంద్రరేఖ యైనది.

తమిళులు అంచును పళ్ళచక్రము గల సోమాసి కరండితో కత్తిరింతురు. ఇందు మెలిక లేదు, వంకరటింకర గీత మాత్రమే మిగులును. తెలుగిండ్లలో ఇప్పుడు విరివిగా కనబడునది మడతబందు గల కజ్జికాయల అచ్చు. బిళ్ళను పరచి, పొడి పోసి, మూసి నొక్కినచో క్షణములో కాయ సిద్ధము. మిగిలిన పిండి అంచున తెగిపడును. ఆ అచ్చు అంచున తీర్చిన గంట్లు బొటనవ్రేలి మడతలకు అనుకరణములు. అచ్చు కాయ యంతయు ఒకే తీరుగ నుండును. చేతికాయలో నైతే మడతల సంఖ్య, వాలు, మెలిక త్రిప్పిన దిక్కు చేసినవారినిబట్టి మారును. పెద్ద కుటుంబములలో పళ్ళెములోని కాయను చూచి ఇది పెద్దత్త చేసినది, ఇది చిన్నకోడలు చేసినది యని చెప్పగలవారు ఇంకను కలరు.