ఈ-మెయిలుకు ఒక వేళ, వ్యాపారానికి ఒక వేళ



బ్యాంకు ఉత్తరాన్ని పోస్టుమాన్ తెచ్చి ఇచ్చే రోజుల్లో దానికొక వేళ ఉండేది. నేడు ఖాతా వివరాలు, రుణ మంజూరు పత్రాలు, ఎరువుల కంపెనీల ఇన్‌వాయిస్‌లు, జి.ఎస్.టి. నోటీసులు ఈ-మెయిలు ద్వారా ఏ క్షణంలోనైనా వస్తున్నాయి. వాటి వెంట ప్రకటనలూ వస్తున్నాయి. ఫోను మోగినప్పుడల్లా చేతిలోకి తీసుకునేవారి పని సాగదు. విసుగు చెంది మెయిలు చూడడమే మానినవారికి నష్టం తప్పదు. ఈ రెండింటికీ నడుమ ఒక పద్ధతి ఏర్పరచుకోవడం మన చేతిలోని పనే.

తొందర కబురు వేరు, దాఖలా వేరు

ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్ సివిల్ సర్వీసు పరీక్షల శిక్షణకు పేరుపొందింది. మన తెలుగు యువకులు కూడా అక్కడికి వెళ్లి చదువుతుంటారు. ఆ పరీక్షకు దినపత్రిక చదవక తప్పదు. కాని రోజంతా పత్రికతోనే గడిపితే మిగిలిన పాఠాలు మూలపడతాయి. అందువల్ల దానికొక వేళ కేటాయించి, ముఖ్యాంశాలు వ్రాసుకొని, పక్కన పెట్టవలసి ఉంటుంది. మెయిలు విషయంలో మనకు కావలసిన క్రమశిక్షణ కూడా ఇదే.

ముఖర్జీ నగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఆజాద్‌పూర్ మండీ ఉంది. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి బయలుదేరిన దక్షిణ భారతదేశపు తొలి కిసాన్ రైలు మన పండ్లు, కూరగాయలతో చేరినది ఆ సమీపంలోని ఆదర్శ్ నగర్ స్టేషనుకే. అంత దూరపు మార్కెట్టుకు సరుకు పంపే వ్యక్తికి రెండు రకాల కబుర్లు అవసరం. ధర గంటగంటకూ మారవచ్చు కనుక ఆ మాట ఫోనులో జరగాలి. అమ్మకం పట్టీ, రవాణా కాగితాలు, జమ వివరాలు మెయిలులో వస్తే పదిలంగా ఉంటాయి. వాటిని సాయంత్రం చూసినా నష్టం లేదు. తొందర కబురుకు ఫోను, దాఖలాకు మెయిలు అనే ఈ విభజనను మీ ఏజెంటుకు, కంపెనీ ప్రతినిధికి ముందుగానే తెలియజేయండి. అప్పుడు ప్రతి మోతకూ ఉలిక్కిపడనవసరం ఉండదు.

రోజుకు మూడుసార్లు చాలు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కోస్టాడిన్ కుష్లెవ్, ఎలిజబెత్ డన్ ఈ విషయాన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. వారి అధ్యయనంలో 124 మంది పాల్గొన్నారు. ఒక వారం రోజుకు మూడుసార్లు మాత్రమే మెయిలు చూడాలని, మరొక వారం ఇష్టం వచ్చినన్నిసార్లు చూడవచ్చని వారికి చెప్పారు. పరిమితంగా చూసిన వారంలో మానసిక ఒత్తిడి తగ్గినట్లు తేలింది.

డీలర్లు ఉదయం దుకాణం తెరిచాక ఒకసారి, మధ్యాహ్నం గిరాకీ తగ్గినప్పుడు ఒకసారి, లెక్కలు కట్టేముందు ఒకసారి చూస్తే సరిపోతుంది. సాధారణ రైతుకు రోజుకు ఒక్కసారి చాలు. చూసే సమయంలో ఈ క్రమాన్ని పాటించండి.

1. అవసరం లేని ప్రకటనను వెంటనే తొలగించండి. మీకు తెలిసిన కంపెనీ పంపే ప్రకటనలైతే ఇకపై రాకుండా ఆపే వీలు సాధారణంగా ఆ మెయిలు చివరనే ఉంటుంది.
2. రెండు నిమిషాల్లో ముగిసే జవాబును అప్పుడే వ్రాయండి.
3. గడువు తేదీ ఉన్న మెయిలు కనబడితే ఆ తేదీని గోడ క్యాలెండరుపై వ్రాయండి.
4. దాచవలసిన కాగితాలను బ్యాంకు, పన్ను, కంపెనీ అనే మూడు ఫోల్డర్లలో వేరుచేయండి.

మీరు మెయిలు పంపేటప్పుడు కూడా ఒక మెయిలులో ఒకే విషయం వ్రాయండి. విషయం అనే వరుసలో పని ఏమిటో స్పష్టంగా తెలపండి. జవాబు త్వరగా వస్తుంది.

ఒక్క మెయిలు విలువ

కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయల వరకు తీసుకునే స్వల్పకాలిక పంటరుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లించినవారికి 3 శాతం ప్రోత్సాహకం లభించి, 4 శాతం మాత్రమే పడుతుంది. కేంద్ర ప్రభుత్వం ఈ పథకాన్ని 2025-26 సంవత్సరానికి కూడా కొనసాగించింది. 3 లక్షలపై ఏడాదికి 3 శాతం అంటే 9,000 రూపాయలు. గడువును గుర్తుచేసే మెయిలు ప్రకటనల కింద పడిపోతే పోయేది ఆ మొత్తమే.

మరొక మాట. ఖాతా తెరిచేటప్పుడు పక్కింటి అబ్బాయిదో, ఇంటర్నెట్ దుకాణందో మెయిలు చిరునామా ఇచ్చినవారు కొందరుంటారు. అటువంటివారికి బ్యాంకు పంపే మెయిలు ఎన్నడూ చేరదు. ఈసారి శాఖకు వచ్చినప్పుడు మీ ఖాతాలో ఏ చిరునామా నమోదై ఉన్నదో అడిగి, అవసరమైతే మార్పించండి.

ఆపకూడని మోత

మెయిలు మోతను ఆపవచ్చు గాని, ఖాతా నుంచి డబ్బు తీసినట్లు తెలిపే బ్యాంకు ఎస్.ఎం.ఎస్. మోతను ఆపకూడదు. మీరు చేయని లావాదేవీ కనబడితే అది తొందర కబురు. వెంటనే బ్యాంకుకు, జాతీయ సైబర్ నేర సహాయ నంబరు 1930కు ఫోను చేయండి. ఆలస్యమైనకొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.

మోసగాళ్లు మన తొందరపాటుపైనే ఆధారపడతారు. "ఈరోజే మీ ఖాతా మూతపడుతుంది" అని బెదిరించే మెయిలులోని లింకును నొక్కకండి. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం బ్యాంకులు తమ వెబ్‌సైట్ చిరునామాలను 2025 అక్టోబరు 31 లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'తో ముగిసేలా మార్చుకోవలసి ఉండింది. లింకు చిరునామా ముగింపు వేరుగా ఉంటే అనుమానించండి. ఓ.టి.పి.ని, పిన్ నంబరును ఎవరు అడిగినా ఇవ్వకండి. సందేహం కలిగితే పాసుపుస్తకం తీసుకొని శాఖకు రండి.

మెయిలు మోగినంత మాత్రాన పరుగెత్తనవసరం లేదు. అలాగని రోజుల తరబడి తెరవకుండా ఉంచడమూ తగదు. నియమిత వేళకు చూసి, అప్పుడే తేల్చి, మిగిలిన సమయాన్ని పొలానికి, దుకాణానికి కేటాయించండి.