ముండ్ల పనికి తోలు చేతి తొడుగులు

పులివెందుల ప్రాంతములో చీనీ కాయ దింపిన పిదప తోటలో మొదట చేయవలసిన పని ఎండు పుల్ల తీయుట. దానితో బాటు అంటు కట్టిన చోటికి దిగువన లేచిన పిలకలను, చెట్టు నడుమ నిటారుగా పెరిగిన నీటికొమ్మలను కోసివేయవలెను. ఏపుగా పెరుగు ఈ పిలకలకును, నీటికొమ్మలకును ముండ్లు పెద్దవిగా నుండును. ఈ పని చేసిన దినమున కూలివారి చేతులు చూచిన వారికి ఈ వ్యాసము ఎందుకు వ్రాయుచున్నానో వేరుగా చెప్పనక్కరలేదు.

జమ్మలమడుగు వైపు నల్లరేగడి చేలలో పత్తి కట్టె పీకుటయు, నాపరాళ్ళు ఎత్తి పేర్చుటయు అరచేతి చర్మమును ఒలిచివేయు పనులు. ప్రొద్దుటూరు చుట్టుపట్ల కాలువ గట్లను, బీళ్ళను ఆక్రమించిన కంపచెట్టు సంగతి అందరికి తెలిసినదే. ఈ కంప మన దేశపు చెట్టు కాదు. జమైకా నుండి తెప్పించిన విత్తనములతో పెంచిన మొక్కలను 1877లో మన కడప జిల్లాలోని కమలాపురము వద్దనే వంటచెరకు కొరకు నాటిరి. నాడు మేలు కోరి తెచ్చిన చెట్టే నేడు మన చేతులలో ముల్లై దిగుచున్నది.

ముల్లు గుచ్చుకొనుట చిన్న విషయమని తలచుట పొరపాటు. కొన విరిగి కీలు దగ్గర నిలిచినచో వ్రేలు వాచి వారముల తరబడి పనికి రాకుండ పోవును. ధనుర్వాతము కలిగించు సూక్ష్మజీవులు మట్టిలోను, పశువుల పేడలోను ఉండును. లోతుగా దిగిన సన్నని గాయము వాటికి అనుకూలమైన చోటు. కాబట్టి ముల్లు లోతుగా దిగినవారు దానిని పిన్నీసుతో తీసి పసుపు అద్ది ఊరకుండక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి, ధనుర్వాతపు సూది కడపట ఎప్పుడు వేయించుకొన్నదియు చెప్పవలెను.

చేతి తొడుగులు వేసికొనిన ఈ బాధ చాలవరకు తప్పును. అయితే చాలమంది రైతులు ఒకసారి కొని, ఒక పూట వాడి, కొయ్యకు తగిలించి మరల తీయరు. అడిగిన "పని సాగదు సార్" అందురు. వారి మాట అబద్ధము కాదు. వారు కొన్నవి వారి చేతికి పట్టవు, అంతే.

ఈ సంగతి నాకు నా పొరపాటు వలననే తెలిసినది. మూడేండ్ల క్రిందట పులివెందుల దగ్గర ఒక చీనీ తోటలో కొమ్మల కత్తిరింపు ప్రదర్శన ఏర్పాటు చేసి, కూలివారి కొరకు పన్నెండు జతల తోలు తొడుగులు తెచ్చితిని. అన్నియు ఒకే సైజు, అన్నియు పెద్దవే. వచ్చిన వారిలో తొమ్మిదిమంది స్త్రీలు. గంటసేపు కాకమునుపే ఎనిమిదిమంది తీసి గట్టున పెట్టిరి. ఒకామె మాత్రము పట్టుదలతో వేసికొని కోయుచుండగా, తొడుగు చివర ఖాళీగా వ్రేలాడుచున్న తోలు కత్తెరలో చిక్కినది. అదృష్టవశమున అక్కడ ఆమె వ్రేలు లేదు. "ఇది నా మొగునికి కూడా పెద్దదే సార్" అని ఆమె అనగా అందరు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. చేతులు కొలువక వస్తువు తెచ్చినది నేనే.

చేతిని కొలుచు విధము

కుడిచేయి పని చేయువారు కుడిచేతినే కొలువవలెను. బొటనవ్రేలిని విడిచి, తక్కిన నాలుగు వ్రేళ్ళ మొదళ్ళకు కొంచెము దిగువన అరచేయి మిక్కిలి వెడల్పుగా నున్న చోట ఒక దారమును చుట్టి, ఆ దారమును స్కేలు మీద పెట్టి చూడవలెను. వచ్చిన అంగుళములే సైజు. దారము 7 అంగుళములు వచ్చిన 7వ సైజు, 8 వచ్చిన 8వ సైజు, ఇట్లే 9, 10. రెంటికి నడుమ వచ్చినపుడు మందపు తోలయినచో పై సైజు తీసికొనుట మంచిది. పిమ్మట చేతి పొడవు కూడ చూడవలెను. మణికట్టు మడత నుండి నడిమి వ్రేలి కొనవరకు 7వ సైజుకు సుమారు 17 సెంటీమీటర్లు, 8కి 18, 9కి 19, 10కి 20 సెంటీమీటర్లకు కొంచెము పైన ఉండును. వెడల్పు ఒక సైజుకును, పొడవు మరొక సైజుకును సరిపోయిన, రెండు సైజులును వేసికొని చూడక కొనరాదు. తోలు వాడుకలో అడ్డముగా కొంత సాగును గాని, వ్రేళ్ళ పొడవున సాగునని నమ్మి పొట్టిది కొనకూడదు.

ఇక్కడ బజారులో ఒక మోసము గలదు. దీనిని మోసమనుట కంటె అపార్థమనుట న్యాయము. ఇనుప సామాను దుకాణములలో వెల్డింగు పనివారి తొడుగులను "10 అంగుళములు, 12 అంగుళములు, 14 అంగుళములు" అని అమ్ముదురు. ఆ అంకె తొడుగు మొత్తము పొడవు. అనగా వ్రేలి కొన నుండి ముంజేతి మీద అంచు వరకు. చేతి సైజునకు దానికి సంబంధము లేదు. 14 అంగుళముల తొడుగు ముంజేతిని బాగుగా కప్పును, చీనీ చెట్టు లోపలికి చేయి పెట్టువారికి అది మేలే. కాని అరచేయి దగ్గర అది అందరికి ఒకే కొలతగా కుట్టినది కావచ్చును. కనుక రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగవలెను: పొడవు ఎంత? చేతి సైజు ఎంత?

దుకాణములోనే రెండు చేతులకు వేసికొని చూడవలెను. పిడికిలి బిగించినపుడు వ్రేళ్ళ గణుపుల మీద తోలు పట్టివేసి బాధ పెట్టరాదు. చేయి చాచినపుడు వ్రేలి కొన దాటి అర సెంటీమీటరుకు మించి ఖాళీ ఉండరాదు. వ్రేళ్ళ సందులు తొడుగు సందులలోనికి పూర్తిగా దిగవలెను. అక్కడ వేలాడుచున్నచో ఆ తొడుగు పొట్టిది. వెంట కొమ్మ కత్తెర తీసికొనిపోయి పట్టి చూచినచో ఇంకను మంచిది. లేనిచో బల్లమీద ఒక మేకు పెట్టి తీయుడు. తీయగలిగిన తొడుగుతో కొమ్మను పట్టగలరు. బిగువు తొడుగు చేతిని త్వరగా అలసట చెందించును, కుట్లు తెగును. వదులు తొడుగు పట్టు తప్పించును. కత్తి, కత్తెర పనిలో ఇదియే ఎక్కువ అపాయకరము.

తోలును గుర్తించుట

మన పెద్దలకు తోలు క్రొత్త కాదు. కపిల తోలిన కాలములో బావి దగ్గర తోలు తొండము లేని రైతు లేడు. ఆ తోలును తంగేడు చెక్కతోను, కరక్కాయతోను ఊనిరి. అది గోధుమ వన్నె కలిగి గట్టిగా నుండును, చెప్పులకు బాగుగా పనికివచ్చును; కాని తడిసి ఆరినపుడు బిరుసెక్కును. క్రోము లవణములతో ఊనిన తోలు అట్లు కాదు. మెత్తగా నుండి, తడిసినను తంగేటి తోలంత బిగిసిపోదు. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోము తోలు పని ప్రారంభించినపుడు, బావి తొండములకు నీటిలో చెడని తోలు కావలెననుట ఆయన ఉద్దేశములలో ఒకటి. చేతి తొడుగునకు క్రోము తోలే తగినది. కోసిన అంచు చూచిన, రంగు వేయని క్రోము తోలు లోపల నీలి బూడిద వన్నెగా కనబడును.

ఇక తోలులో పై పొర, చీలిక పొర అని రెండు గలవు. మందపు చర్మమును యంత్రముతో అడ్డముగా చీల్చి రెండు పొరలు చేయుదురు. వెంట్రుకలున్న వైపు పై పొర నున్నగా, పోగులు దట్టముగా నుండును. దిగువ చీలిక పొర రెండు వైపులను నూగుగా నుండి చౌకగా దొరకును. నాపరాళ్ళు ఎత్తువారికి, పత్తి కట్టె పీకువారికి చీలిక తోలు చాలును. రాపిడికి అది బాగుగా ఓర్చును. ముండ్ల పనికి మాత్రము పై పొర తోలు కొనుడని నా సలహా. మేక తోలు పలుచనైనను పోగు దట్టమైనది, వ్రేళ్ళు తేలికగా ఆడును. కత్తెర పట్టువారికి అది అనుకూలము. కంప నరికి ఈడ్చువారికి మందమైన ఆవు లేదా గేదె తోలు కావలెను. సూటిగా బలముగా దిగు ముల్లును ఏ తోలును పూర్తిగా ఆపలేదు. ప్రక్కగా గీరు ముల్లును ఆపును, సూటి ముల్లు లోతును తగ్గించును. కంపను తొడుగు వేసికొన్న చేతితో గూడ పంగల కర్రతో నొక్కి పట్టియే నరకవలెను.

రెక్సిన్‌ను తోలని అమ్ముట గలదు. పై భాగము చూచి మోసపోకుండ తొడుగు అంచును తిప్పి లోపలి వైపు చూడవలెను. తోలుకు లోపల పోగుల నూగు కనబడును, రెక్సిన్‌కు బట్ట నేత కనబడును. లోపల గుడ్డ అస్తరు ఉన్నచో కోసిన అంచును చూడవలెను. లోపలి నూగు మీద నీటిబొట్టు వేసిన తోలు కొంతసేపటికి దానిని పీల్చుకొనును.

కుట్టు విషయములో నేను చూచునది బొటనవ్రేలి మొదలు. తొడుగు ముందుగా తెగునది అక్కడనే. అక్కడ రెండు వరుసల కుట్టు గాని, అదనపు తోలు ముక్క గాని ఉండవలెను. నడిమి వ్రేళ్ళ మొదట్లో కుట్టు అరచేతి లోపలికి వచ్చిన తొడుగు, కత్తెర పిడి పట్టినపుడు ఒరసి బొబ్బలు లేపును. వ్రేలి కొనల లోపల ముడులు తగులుచున్నవేమో వేసికొని చూచిననే తెలియును. మన దేశపు ప్రమాణముల సంస్థ తోలు, నూలు తొడుగులకు ఐ.ఎస్. 6994 మొదటి భాగమును 1973లో వెలువరించినది. ఆ గుర్తు ఉన్నది కొనుట మంచిదే, కాని మీ చేతికి పట్టునో లేదో ఆ గుర్తు చెప్పదు.

తోలు తొడుగు వేయరాని పనులు

ఇది అన్నిటికంటె ముఖ్యము. పురుగుమందు కలుపునపుడు, చల్లునపుడు తోలు తొడుగు ఎంతమాత్రము వాడరాదు. తోలు మందును పీల్చుకొనును, కడిగినను పోదు. మరునాడు కొమ్మలు కోయుటకు అదే తొడుగు వేసికొనిన, చెమటతో తడిసిన చేతికి ఆ మందు దినమంతయు అంటుచునే యుండును. వట్టి చేయినైనను సబ్బుతో కడుగుకొందుము, తోలును అట్లు కడుగలేము. 1971 నాటి కీటకనాశినుల నియమములు మందు చల్లువారికి ద్రవము చొరని, ముంజేతి సగము వరకు వచ్చు తొడుగులు ఉండవలెనని చెప్పుచున్నవి. దీనికి నైట్రైల్ రబ్బరు తొడుగులు తగినవి. ఒకసారి మందు పడిన తోలు తొడుగును ఎవరికిని ఈయక పారవేయవలెను.

కత్తిరించిన కొమ్మ గాయములకు బోర్డో పేస్టు పూయునపుడును తోలు తొడుగులు తీసివేయుడు. సున్నము తోలును చెరచును. చర్మశుద్ధి చేయువారు పచ్చి చర్మపు వెంట్రుకలు ఊడుటకు వాడునదియు సున్నమే. నూర్పిడి యంత్రము, మేత కోయు యంత్రము, మోటారు బెల్టు వంటి తిరుగు యంత్రముల దగ్గర ఏ తొడుగును వేసికొనరాదు. యంత్రము తొడుగును పట్టినచో చేతిని విడువదు.

గ్రామోద్యోగులకు ఒక మాట. సంఘము తరపున గాని, ప్రదర్శన కొరకు గాని తొడుగులు తెప్పించునపుడు ముందు ఒక దారము తీసికొని పనివారి చేతులు కొలిచి పట్టిక వ్రాసికొనుడు. నేను తరువాతి సంవత్సరము అట్లు చేసితిని. అదే తోటలో స్త్రీలకు 7, 8 సైజులే ఎక్కువ కావలసి వచ్చినవి. 10వ సైజు ఒక్కరికి మాత్రమే సరిపోయినది. ఆ సైజులు ప్రొద్దుటూరు బజారులో అప్పటికప్పుడు దొరకలేదు, ముందుగా చెప్పి తెప్పించవలసి వచ్చినది. కావున కాయ దింపకముందే ఆ పని చూచుకొనుట మంచిది.

తడిసిన తొడుగును ఎండలో గాని పొయ్యి దగ్గర గాని పెట్టక నీడన ఆరబెట్టి, కొంచెము తేమ ఉండగనే చేతితో నలిపి మెత్తపరచవలెను. బిరుసెక్కినపుడు గుడ్డకు కొద్దిగా ఆముదము అద్ది పూసిన చాలును. ఎక్కువ పూసిన తోలు వదులై పట్టు జారును. ఎలుకలకు అందకుండ తీగకు వ్రేలాడదీయుడు. మరల వేసికొనునపుడు ప్రతి తొడుగును తలక్రిందులు చేసి రెండు మారులు గట్టిగా దులుపవలెను. తేళ్ళకు ఇంతకంటె మంచి ఇల్లు దొరకదు.