రేపటిని చెప్పే క్రియ ఏది?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు, ప్రకాశం ప్రాంతపు పల్లెలకు వెళితే కల్లాల నిండా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలే కనిపిస్తాయి. ఎండిన కాయను టిక్కీలకెత్తి గుంటూరు మిర్చి యార్డుకు తోలుతారు. అలాంటి ఇంటి పెద్దాయన తెలుగు రాని ఒక వ్యాపారికి ఉత్తరం రాయిస్తూ, "మేము కాయ గుంటూరు పంపుతాం" అన్నాడనుకోండి. దాన్ని ఇంగ్లీషులో పెట్టే పని మీదే. ఏమని రాస్తారు?

'వుయ్ సెండ్' అని రాస్తే, అది ఏటా మా అలవాటు అని అర్థం. 'వుయ్ విల్ సెండ్' అని రాస్తే, ఇకముందు పంపుతామని మాట ఇచ్చినట్లే; అవతలివాడు సరుకు కోసం ఎదురుచూస్తాడు! తెలుగులో మాత్రం రెండింటికీ ఒకటే 'పంపుతాం'. పక్కన 'ఏటా' అనో, 'సోమవారం' అనో మాట పడితేగాని తేడా తెలియదు.

ఇది మన భాషకు లోపమేమీ కాదు. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన 'బాలవ్యాకరణం'లో భూత, భవిష్యత్, వర్తమానాలతోపాటు తద్ధర్మం అనే నాలుగో దాన్ని కూడా చెప్పాడు. 'సూర్యుడు తూర్పున ఉదయించును' అన్నప్పుడు నిన్న, నేడు, రేపు అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి కదా! నేటి వాడుకలో అలవాటూ భవిష్యత్తూ ఒకే రూపంలో కలిసిపోయాయి. ఇటువంటి వాడుక రూపాలను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి (1928-2012) ముఖ్యులు. గ్విన్‌తో కలిసి ఆయన ఇంగ్లీషులో రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వెలువడింది.

మరి ఇంగ్లీషులో భవిష్యత్తుకు వేరే రూపం ఉందా? నిజానికి లేదు! క్రియ తన రూపం మార్చుకుని చూపే కాలాలు రెండే: 'సెండ్', 'సెంట్'. రేపటి సంగతికి 'విల్' అనే సహాయక్రియను అరువు తెచ్చుకోవాలి. ఈ 'విల్' పూర్వం 'కోరు' అనే అర్థమున్న మామూలు క్రియే. వీలునామాను 'విల్' అనడంలో ఆ పాత అర్థం ఇంకా మిగిలి ఉంది. అది మనిషి చివరి కోరిక.

పోనీ, రేపు అనగానే 'విల్' తగిలిద్దామా అంటే అదీ కుదరదు. రేపు ఆరు గంటలకు బయలుదేరే రైలును 'ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో' అంటారు. కల్లంలో కాయ ఉండగా మబ్బు పట్టిందంటే రైతుకు గుండెదడ. తడిస్తే రంగు చెడుతుంది, బూజు పడుతుంది, ధర పడిపోతుంది. "రేపు వాన పడితే కాయ తడుస్తుంది" అనే వాక్యాన్ని చాలామంది 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్' అని మొదలుపెడతారు. 'ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, ద చిల్లీస్ విల్ గెట్ వెట్' అనాలి. వాన పడేది రేపే, క్రియ మాత్రం వర్తమానంలో ఉంది. మన 'పడితే'లో అసలు కాలమే లేదు! "నిన్న వాన పడితే ఇంట్లోనే ఉన్నాం" అన్నా అదే మాట.

భూతకాలంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 'బస్సు వచ్చింది' అన్నప్పుడు అది మీ ఎదుట ఆగి ఉంటే 'హాజ్ కమ్', నిన్నటి సంగతైతే 'కేమ్'. 'యెస్టర్‌డే' పక్కన 'హాజ్ కమ్' నిలవదు.

ఇంకొక్కటి. అమ్మ పిలిస్తే, వీధిలో నుంచే "ఇదిగో వచ్చా!" అంటారు గదా? మీరింకా రాలేదు, క్రియ మాత్రం భూతకాలంలో వచ్చేసింది. ఇంగ్లీషులో అక్కడ 'ఐ కేమ్' అనరు, 'ఐయామ్ కమింగ్' అంటారు.