మీకు తెలుసా? మరల తెరచుకోని పుల్ రిక్వెస్టు

జూబిలీహిల్స్ చెంత ఫిల్మ్‌నగరునందలి నిర్మాత, సెన్సారు ధ్రువపత్రము చేతికందిన పిమ్మట చిత్రమునకు మరల కత్తెర వేయఁదలఁచినచో, ఆ మార్పును బోర్డునకు నివేదింపక తప్పదు. అట్లే, లైనస్ టోర్వాల్డ్స్ 2005లో సృజించిన, కోడు మార్పుల చరిత్రను భద్రపఱచు గిట్‌నందు ఫోర్స్ పుష్‌చే శాఖాచరిత్రమును తిరుగవ్రాసినపుడు, గిట్ కోడునకు నెలవైన గిట్‌హబ్‌లో అట్టి నిబంధన విధించియున్నచో, సమీక్షకులొసఁగిన పూర్వామోదములు రద్దగును.

ఇంతకంటె విచిత్రము వేఱొకటి గలదు: పుల్ రిక్వెస్టును, అనఁగా ఒక శాఖయందలి మార్పులను మూలశాఖలోఁ గలుపుమను అభ్యర్థనను, మూసివేసిన తరువాత దాని శాఖపై ఫోర్స్ పుష్ చేసినచో రీఓపెన్ బటన్ నిశ్చేష్టమగును, ఎంతటి ప్రవీణుఁడైనను క్షణకాలము తెల్లఁబోవును. మూసిననాఁటి కమిట్‌నే ఆ శాఖకు మరల ఫోర్స్ పుష్ చేసి, రిక్వెస్టును తెరచి, ఆపైని నూతన చరిత్రమును పంపుట దీనికి ఉపాయము. తెరచియున్న రిక్వెస్టు శాఖనే మూలశాఖతో సమానమగునట్లు వెనుకకు మరలించినచో, అది తనంతఁ దానే మూతపడును.