గనుల ఊళ్లో ఎకనామిక్స్ డిగ్రీ

గోదావరిఖని, రామగుండం పిల్లలు డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల వేదిక దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు, లెక్కలు తప్పించుకోవడానికే ఎకనామిక్స్ ఎంచుకుంటే నష్టపోతారు. ఈ ఊళ్ల బతుకే ఆ శాస్త్రానికి పాఠం. ఇక్కడి బొగ్గు గనుల సంస్థ సింగరేణిలో తెలంగాణ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉంది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు, యంత్రాలు పెరిగాయి. బొగ్గు తగ్గకుండానే ఉద్యోగాలు ఎందుకు తగ్గాయి? ఏటా దసరా ముందు చర్చకొచ్చే లాభాల వాటా బజారులో ఎంత తిరుగుతుంది? వీటికి జవాబు వెతకాలంటే ఉత్పాదకత, వేతనాలు, గిరాకీ తెలియాలి, లెక్కలు కట్టడమూ రావాలి.

అందుకే వీలున్న కాలేజీలో ఎకనామిక్స్‌కు గణితమో స్టాటిస్టిక్సో జోడించాలి. మొదటి ఏడాది సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రాల పునాది, తర్వాత గణాంకాలు, చివర్లో భారత ఆర్థిక వ్యవస్థ, ప్రభుత్వ విత్తం చదవడం మేలు. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు ఇంత లెక్క ఎందుకని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గ్రూప్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. కానీ పోస్టులు కొన్నే, పోటీదారులు లక్షల్లో. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు పీజీ కావాలి, మంచి పీజీ ప్రవేశపరీక్షల్లో గణితం తప్పదు. ఇంటర్‌లో లెక్కలు వదిలేసినవాళ్లు మొదటి సెమిస్టర్ నుంచే కలన గణితం, సంభావ్యత నేర్చుకోవడం మొదలుపెడితే మూడేళ్లు సరిపోతాయి.